పికప్‌లో పెద్ద స్టెప్నీ: ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి, ఎలా దించాలి

పికప్‌కి పెద్ద టైర్లు వేయించాక చాలామంది ఒకే చోట ఆగిపోతారు. నాలుగు చక్రాలూ బాగానే ఎక్కుతాయి, ఐదోది మాత్రం కంపెనీ ఇచ్చిన చోట పట్టదు. పాత చిన్న స్టెప్నీతోనే నెట్టుకురావచ్చా, పెద్దదాన్ని బెడ్‌లో (వెనక సామాను వేసే తొట్టిలో) పడేస్తే చాలా, వెనకాల స్టాండ్ పెట్టించాలా అని అడుగుతూనే ఉన్నారు. అందుకే మొదటి కొలత నుంచి చివరి నట్టు దాకా వరుసగా రాస్తున్నాను.

స్టెప్నీకి చోటు వెతికేటప్పుడు అందరూ "ఎక్కడ పడుతుంది?" అని చూస్తారు. నేనైతే "ఎక్కడి నుంచి దించగలను?" అని చూడమంటాను. రాత్రిపూట, వానలో, బెడ్ నిండా సామాను ఉండగా, పక్కన సాయం లేకుండా దాన్ని దించి బిగించుకోగలగాలి. కింద చెప్పే ప్రతి పద్ధతినీ ఈ లెక్కతోనే చూశాను.

## 1. పాత చిన్న స్టెప్నీ పనికొస్తుందా?

కొంతవరకే. ఒక ఉదాహరణ చూడండి. 265/70 ఆర్17 టైరు ఎత్తు దాదాపు 803 మి.మీ. దాని బదులు 35 అంగుళాల టైర్లు వేస్తే ఎత్తు 889 మి.మీ. అవుతుంది. ఈ నాలుగింటి మధ్య పాత స్టెప్నీ వేస్తే, అదే దూరానికి అది మిగతావాటికంటే దాదాపు 11 శాతం ఎక్కువ తిరగాలి.

ఆ తేడాని డిఫరెన్షియల్ (యాక్సిల్ రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) మోయాలి. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిని కొద్ది దూరం, నెమ్మదిగా నడిపించి బయటపడవచ్చు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఆ వేగాల తేడాని కొంత అడ్డుకునేది) గానీ లాకర్ (రెండు చక్రాలనూ ఒకే వేగానికి కట్టేసేది) గానీ ఉన్న యాక్సిల్‌కి మాత్రం రెండు వైపులా వేర్వేరు సైజులు వేయకూడదు. వెనక టైరు పోయి, వెనక యాక్సిల్‌లో లాకర్ ఉంటే, ముందు చక్రం ఒకటి తీసి వెనక వేయండి, చిన్న స్టెప్నీని ముందు వేయండి. పని రెట్టింపు అవుతుంది, కానీ గేర్లు దక్కుతాయి.

తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ డ్రైవ్ వేయకండి. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి అయితే చిన్న స్టెప్నీ ఆలోచనే మానుకోండి.

దూర ప్రయాణాలు చేసేవాళ్లకి, మట్టి దారుల్లో తిరిగేవాళ్లకి నాలుగు చక్రాలతో సమానమైన ఐదో చక్రం ఉండాల్సిందే.

## 2. టైరును, రిమ్‌ను కొలవండి

టైరు పక్కన రాసి ఉన్న సైజును మాత్రమే నమ్ముకుని స్టాండు కొనకండి. ఒకే సైజు రాసి ఉన్నా కంపెనీని బట్టి అసలు కొలత కొంచెం మారుతుంది. టైరు రిమ్ మీద ఎక్కి, పూర్తి గాలితో ఉన్నప్పుడు ఈ ఐదూ రాసుకోండి:

- మొత్తం ఎత్తు, అంటే వ్యాసం
- ఉబ్బెత్తుగా ఉన్నచోట వెడల్పు
- రిమ్ మధ్య రంధ్రం వ్యాసం
- నట్ల సంఖ్య, వాటి మధ్య బిందువుల గుండా వెళ్లే వృత్తం వ్యాసం (ఉదాహరణకి 6 నట్లు, 139.7 మి.మీ.)
- రిమ్‌తో కలిపి బరువు

బరువు తూచడం మాత్రం మానకండి. ఇంట్లో మనుషులు తూచుకునే మిషన్ మీద చదునైన పలక వేసి, దానిమీద చక్రం పడుకోబెడితే చాలు. పలక బరువు తీసేయండి. 33 అంగుళాల టైరు అల్లాయ్ రిమ్‌తో సుమారు 35 కిలోలు, 35 అంగుళాలది 40 నుంచి 50 కిలోల దాకా తూగుతాయి. ఇనుప రిమ్ అయితే ఇంకా పెరుగుతుంది. కంపెనీ స్టెప్నీ కంటే మీది ఎన్ని కిలోలు ఎక్కువో తెలిస్తేనే, బండి కింద స్టెప్నీని కేబుల్‌తో పైకి లాగి పట్టుకునే పాత వించి దాన్ని మోస్తుందా లేదా అన్నది తేల్చుకోగలరు.

## 3. బండి ఎంత మోయగలదో చూడండి

డ్రైవర్ డోర్ ఫ్రేమ్ దగ్గరో, మాన్యువల్లోనో బండి మోయగల బరువు రాసి ఉంటుంది. అందులో మనుషులు, సామాను, మీరు అదనంగా పెట్టించిన బంపర్, ర్యాక్, స్టాండ్ అన్నీ కలిసే ఉంటాయి.

ఎంత బరువన్నదానితో పాటు ఎక్కడ పెడుతున్నారన్నదీ ముఖ్యం. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3.2 మీటర్లున్న బండి అనుకోండి. టైరు, స్టాండ్ కలిపి 75 కిలోలు వెనక యాక్సిల్‌కి 1.6 మీటర్ల వెనకాల వేలాడితే, వెనక యాక్సిల్ మీద 75 కాదు, 112.5 కిలోలు పడుతుంది. ఆ అదనపు 37.5 కిలోలు ముందు చక్రాల మీద నుంచి తగ్గుతుంది. స్టీరింగ్ తేలికవుతుంది, హెడ్‌లైట్లు పైకి చూస్తాయి.

ఇక 45 కిలోల టైరుని బెడ్‌లో క్యాబిన్ వైపు, వెనక యాక్సిల్‌కి 60 సెం.మీ. ముందు పెడితే వెనక యాక్సిల్ మీద దాదాపు 36.5 కిలోలు, ముందు యాక్సిల్ మీద 8.5 కిలోలు పడుతుంది. బండి తీరు మారదు. బండి కింద పట్టనప్పుడు, చోటు ఉంటే బెడ్‌లో ముందు భాగమే నా మొదటి సలహా అనడానికి ఇదే కారణం.

## 4. మొదట బండి కింద పడుతుందేమో చూడండి

కింద పడితే అంతకంటే మేలు లేదు. బెడ్ ఖాళీగా ఉంటుంది, బరువు కిందికి ఉంటుంది, వెనక అద్దం మూసుకుపోదు. 33 అంగుళాల లోపు టైర్లు చాలా పికప్‌ల కింద కొద్ది సర్దుబాటుతో ఇమిడిపోతాయి. 35 దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

అసలు టైరుతో కుస్తీ పట్టే ముందు, దాని వ్యాసంతో గట్టి అట్టముక్కను గుండ్రంగా కత్తిరించండి. పాత స్టెప్నీ దించేసి, ఆ అట్టను కింద నుంచి ఛాసిస్‌కి ఆనించి పట్టుకోండి. ఎక్కడ తగులుతుందో వెంటనే కనిపిస్తుంది.

చూడాల్సిన చోట్లు:

- రెండు ఛాసిస్ పట్టీల మధ్య దూరం
- వెనక బంపర్ లేదా టోయింగ్ హిచ్ (వెనక ట్రెయిలర్ తగిలించే అమరిక) అడ్డపట్టీ
- ముందువైపు డిఫరెన్షియల్, యాక్సిల్ హౌసింగ్
- పక్కన కమాను కట్టలు, షాక్ అబ్జార్బర్లు
- సైలెన్సర్ గొట్టం
- బ్రేకు గొట్టాలు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, సెన్సర్ వైర్లు

ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోనిది యాక్సిల్ కదలిక. బండి నిలబడి ఉన్నప్పుడు డిఫరెన్షియల్‌కీ టైరుకీ మధ్య నాలుగు వేళ్ల సందు కనిపించి ధైర్యంగా ఉంటుంది. లోడు వేసి పెద్ద గుంతలో పడితే యాక్సిల్ పైకి లేస్తుంది, కమాన్లు సాగి కొంచెం వెనక్కి కూడా జరుగుతుంది. బంప్ స్టాప్ రబ్బరుకి (యాక్సిల్ మరీ పైకి లేవకుండా ఆపే దిమ్మెకి) ఎంత ఖాళీ ఉందో కొలిచి, యాక్సిల్ అంత పైకి లేచినా టైరుకి తగలదని ఖాయం చేసుకోండి.

సైలెన్సర్ గొట్టానికి కనీసం 75 మి.మీ. దూరం ఉండేలా చూస్తాను. అంత లేకపోతే మధ్యలో రేకు హీట్ షీల్డ్ బిగించాలి. వేడి తగిలిన రబ్బరు పైకి బాగానే కనిపిస్తూ లోపల గట్టిపడిపోతుంది.

ఛాసిస్ అడ్డపట్టీ కోసి చోటు చేస్తామనే వాళ్లుంటారు. ఒప్పుకోకండి. టోయింగ్ హిచ్ పట్టీ అడ్డమైతే వేరే రకం హిచ్ పెట్టించుకోవచ్చు. ఛాసిస్ జోలికి మాత్రం వెళ్లకూడదు.

గాలి తగ్గించి దూర్చడం ఇంకో దారి. ఒక్కోసారి ఇది నిజంగానే పనిచేస్తుంది. అయితే 15 పీఎస్ఐ కంటే కిందికి దించకండి, టైరు అంచు రిమ్ నుంచి జారవచ్చు. బండిలో కంప్రెసర్ తప్పనిసరిగా ఉండాలి. పెద్ద టైరు నింపడానికి చిన్న కంప్రెసర్ చాలాసేపు తీసుకుంటుందని ముందే లెక్క వేసుకోండి.

## 5. బండి కింద బిగించే వరుస

1. బండిని చదునైన నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డం పెట్టండి.
2. వించి కేబుల్ పూర్తిగా దించి చూడండి. తెగిన పోగులు, తుప్పు, మెలికలు ఉంటే కేబుల్‌ను గానీ మొత్తం వించిని గానీ మార్చండి.
3. కేబుల్ చివర ఉండే పట్టీ కొత్త రిమ్ మధ్య రంధ్రంలో సరిగ్గా కూర్చుంటుందా చూడండి. సెంటర్ క్యాప్ ఉంటే తీసేయండి.
4. రంధ్రం పెద్దదై పట్టీ వదులుగా ఉంటే, మందపాటి ఇనుప పళ్లెం ఒకటి రంధ్రానికి సరిపోయేలా చేయించి మధ్యలో వేయండి.
5. టైరు ముఖం (రిమ్ బయటికి కనిపించే వైపు) పైకా కిందికా అన్నది మాన్యువల్ చూసి పెట్టండి. రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ బిగిసే ముఖం రిమ్ మధ్య గీత నుంచి ఎంత పక్కకి ఉందన్నది) మారినప్పుడు రెండు వైపులా పెట్టి చూసి, ఛాసిస్‌కి గట్టిగా ఆనే వైపు ఎంచుకోవాల్సి రావచ్చు.
6. నెమ్మదిగా తిప్పుతూ పైకి లాగండి. మధ్యలో ఆగి, పట్టీ పక్కకి ఒరగలేదని చూడండి.
7. టైరు ఛాసిస్‌కి ఆనాక కూడా వించి జారే శబ్దం వచ్చేదాకా, లేదా మాన్యువల్లో చెప్పినంత బిగువు వచ్చేదాకా తిప్పండి.
8. కిందికి వంగి రెండు చేతులతో టైరును ఊపండి. బండి కదలాలి తప్ప టైరు విడిగా కదలకూడదు.

ఎనిమిదో అంకెలో చెప్పిన పరీక్షలో టైరు ఊగితే ఆ బండిని రోడ్డు ఎక్కించకండి. టైరు బరువుని ఛాసిస్ మోయాలి, కేబుల్ పైకి లాగి పట్టుకోవాలి అంతే. గాల్లో వేలాడే టైరు ప్రతి గుంతకీ కేబుల్‌ను కుదుపుతుంది, తెగితే వెనకొచ్చే బండి ముందు పడుతుంది. ఆనే చోట సందు ఉంటే గట్టి రబ్బరు దిమ్మెలు ఛాసిస్‌కి బోల్టుతో బిగించి ఆ సందు పూడ్చండి. అతికించినవి ఊడిపోతాయి.

అదనంగా ఒక రాచెట్ బెల్టునో (పళ్ల చక్రంతో బిగించేది), తాళం ఉన్న గొలుసునో రిమ్ గుండా ఛాసిస్‌కి చుట్టండి. కేబుల్ తెగినా టైరు కింద పడదు, దొంగలకీ అడ్డం.

టైరు ఎంత కిందికి వచ్చిందో కొలవడం మరిచిపోవద్దు. వెడల్పు పెరిగితే అది కొంత కిందికి దిగుతుంది, ఎత్తు నుంచి దిగేటప్పుడు నేలకి రాసుకుంటుంది.

## 6. బెడ్‌లో పడుకోబెట్టడం

ఖర్చు లేని పద్ధతి, తేలిగ్గా అయిపోతుంది. చోటు మాత్రం తినేస్తుంది. 35 అంగుళాల టైరు పడుకుంటే దాదాపు 90 సెం.మీ. వెడల్పు పోతుంది.

క్యాబిన్ గోడకి ఆనించి, కింద రబ్బరు మ్యాట్ వేసి, ముఖం పైకి ఉండేలా పెట్టండి. నున్నటి పెయింట్ మీద టైరు జారుతుంది, మ్యాట్ ఉంటే పట్టు దొరుకుతుంది. రిమ్ లోపలి ఖాళీలో జాకీ, బెల్టుల సంచి పెట్టుకోవచ్చు.

బెల్టులు కట్టేటప్పుడు ఇవి చూడండి:

- కనీసం రెండు బెల్టులు, రెండూ రిమ్ చువ్వల గుండా వెళ్లాలి
- ఒకటి ముందుకి జారకుండా, రెండోది వెనక్కి జారకుండా లాగి పట్టాలి
- కొక్కేలు బెడ్‌లోని ఇనుప రింగులకే, రేకు అంచులకి కాదు
- చువ్వ అంచు పదునుగా ఉంటే బెల్టు కింద గుడ్డ లేదా తోలు ముక్క
- మిగిలిన బెల్టు కొస చుట్టి ముడి వేయాలి, గాలికి కొట్టుకుంటే కుట్లు ఊడతాయి

రబ్బరు మీద నుంచి మాత్రమే వేసిన బెల్టు వదులవుతుంది. దారి కుదుపులకి టైరు నొక్కుకుని లేస్తుంటే పట్టు సడలుతుంది. రిమ్ లోహం నొక్కుకోదు కాబట్టి బెల్టు దాన్నే పట్టుకోవాలి.

బెల్టు లేబుల్ మీద రెండు అంకెలు ఉండొచ్చు. తెగిపోయే లోడు పెద్దది, వాడదగిన లోడు చిన్నది. చిన్నదే చూసుకోండి, ఎల్‌సీ లేదా డబ్ల్యూఎల్‌ఎల్ అని ఉంటుంది. యూరప్ లోడు భద్రతా ప్రమాణం ఈఎన్ 12195-1 ప్రకారం రోడ్డు మీద వెళ్లే సరుకు ముందువైపు తన బరువులో 0.8 వంతు, పక్కలకీ వెనక్కీ 0.5 వంతు తోపుని తట్టుకునేలా కట్టాలి. 50 కిలోల టైరుకి ముందువైపు 40 కిలోల తోపు. ఇది మామూలుగా బండి నడిపినప్పటి లెక్క. గతుకుల దారిలో, గుద్దుకున్నప్పుడు తోపు చాలా రెట్లు పెరుగుతుంది. కాబట్టి వాడదగిన లోడు ఒక్కో బెల్టుకి 250 కిలోల కంటే తక్కువ ఉన్నవి ఈ పనికి వద్దు.

ఈ పద్ధతిలో పెద్ద చిక్కు ఒకటుంది. టైరు మీద సామాను పేర్చేస్తారు. పంక్చర్ అయిన రోజు అదంతా రోడ్డు పక్కన దించాలి. టైరు మీద తేలికవి, ఒక్క చేత్తో తీయగలిగినవి మాత్రమే పెట్టండి.

## 7. బెడ్‌లో నిలబెట్టి బిగించడం

పెద్ద స్టెప్నీకి నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే. చోటు తక్కువ పడుతుంది, బరువు సరైన చోట ఉంటుంది, దించడం కూడా తేలిక. కానీ బిగింపు బాగా చేయాలి. నిలబెట్టిన టైరు కింద బలంగా ఉండి పైన వదులుగా ఉంటే ప్రతి మలుపులోనూ ఊగి, బెడ్ రేకునే చింపుతుంది.

చోటు: క్యాబిన్ గోడకి ఆనించి, లేదా చక్రం గూడు పక్కన. క్యాబిన్ గోడ అయితే వెనక అద్దం ఎంత మూసుకుపోతుందో లోపల కూర్చుని చూసుకోండి. టైరును బిగించకుండా ఊరికే నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అడుగు: టైరు దొర్లకుండా రెండు వైపులా ఆపే గూడు లాంటి ఇనుప ఊత ఉండాలి. అది టైరు బరువును మోస్తుంది.

మధ్య: రిమ్ నట్ల రంధ్రాలకి సరిపోయే స్టడ్ పలక (మర కడ్డీలు పొడుచుకొచ్చిన ఇనుప పలక). కనీసం మూడు నట్లు, అందులో ఒకటి తాళం నట్టు. మధ్య రంధ్రం గుండా ఒకే పెద్ద మర కడ్డీ వేసే రకమైతే, రంధ్రంలో కదలకుండా కూర్చునే శంకువు ఆకారపు బిళ్ల ఉండాలి.

పైన: రిమ్ పై భాగం నుంచి బెడ్ రింగులకి ఒక బెల్టు. స్టాండ్ ఎంత బలంగా ఉన్నా ఇది వేయండి.

రంధ్రాలు పెట్టే వరుస:

1. డ్రిల్ పెట్టే ముందు బండి కిందికి దూరి చూడండి. ఇంధనం ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు ఎక్కడున్నాయో చాక్‌పీసుతో బెడ్ పైన గుర్తు పెట్టుకోండి.
2. వీలైతే బెడ్‌ను ఛాసిస్‌కి కలిపే కంపెనీ బోల్టుల చోటే వాడుకోండి. కొత్త రంధ్రం అక్కర్లేదు, బలం నేరుగా ఛాసిస్‌కి వెళ్తుంది. ఆ బోల్టులకి కంపెనీ చెప్పిన బిగువే ఇవ్వాలి.
3. కొత్త రంధ్రం తప్పకపోతే బెడ్ గట్ల మీద పెట్టండి, మధ్యలో పల్చటి రేకు మీద కాదు.
4. రంధ్రం అంచుకి వెంటనే తుప్పు పట్టని ప్రైమర్ పూయండి.
5. 12 మి.మీ., 8.8 గ్రేడ్ బోల్టులు వాడండి. కింది వైపు వాషర్ సరిపోదు, కనీసం 75 మి.మీ. చదరం, 4 మి.మీ. మందం ఉన్న పలక వేయండి.
6. నైలాన్ లాక్ నట్లతో బిగించి, నట్టు మీద నుంచి పలక మీదకి పెయింట్ గీత గీయండి. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు కదిలినట్టే.

బెడ్ అల్యూమినియంది అయితే ఇనుప పలక నేరుగా తగలకూడదు. తడి తగిలితే రెండు లోహాల మధ్య చర్య జరిగి అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో రబ్బరు షీటు, బోల్టులకి నైలాన్ తొడుగులు వేయించండి.

## 8. వెనకాల తెరుచుకునే స్టాండ్

బెడ్ నిండా ఎప్పుడూ సామాను ఉండేవాళ్లకి ఇది పనికొస్తుంది. టైరు నడుము ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒంటరిగా దించడం సులువు. పైన మూడో భాగంలో చెప్పిన బరువు లెక్క మాత్రం ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. కమాన్లు ఇప్పటికే కుంగి ఉంటే ముందు వాటి సంగతి చూసుకోండి.

రెండు రకాలున్నాయి. బంపర్‌తో కలిసి వచ్చేది నేరుగా ఛాసిస్‌కి బోల్టులతో బిగుస్తుంది. టోయింగ్ హిచ్ గొట్టంలో దూర్చేది తీసి పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, కానీ గొట్టంలో వదులు ఉంటుంది. ఆ వదులుని బిగించే క్లాంప్ లేకుండా వాడితే ప్రతి గుంతకీ టకటకమంటుంది, కొన్నాళ్లకి పిన్ను రంధ్రం సాగిపోతుంది. పైగా హిచ్ మీద నిలువుగా పడే బరువుకి పరిమితి ఉంటుంది, ఈ స్టాండ్ బరువు కూడా అందులోకే వస్తుంది.

కొనేముందు చూడాల్సినవి:

- తిరిగే కీలులో బేరింగ్, గ్రీజు నిపుల్ ఉన్నాయా
- గొళ్లెంతో పాటు విడిగా రెండో పిన్ను ఉందా
- మూసినప్పుడు స్టాండ్ చెయ్యి రబ్బరు దిమ్మె మీద గట్టిగా ఆనుతుందా
- తెరిచాక తానే మూసుకోకుండా ఆపే ఏర్పాటు ఉందా
- వెనక డోర్ పూర్తిగా కిందికి తెరుచుకుంటుందా
- నంబర్ ప్లేటు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, వెనక కెమెరా కనిపిస్తున్నాయా

చివరిది వాయిదా వేయకండి. ప్లేటు, లైట్లు టైరు వెనక దాగితే దాదాపు ఎక్కడైనా తప్పే, పైగా వెనకొచ్చేవాళ్లకి మీ బ్రేకు కనిపించదు. ప్లేటుని స్టాండ్ మీదికి మార్చి, దానికి లైటు కలపండి.

వాలు మీద ఆపినప్పుడు గొళ్లెం తీయడం జాగ్రత్త. చేతితో పట్టుకుని, పక్కకి నిలబడి తీయండి. బరువంతా ఒక్కసారిగా వాలు వైపు తిరుగుతుంది.

క్యాబిన్ ఎత్తులో ర్యాక్ పైన పెట్టేవాళ్లూ ఉన్నారు. 45 కిలోలను తలపై నుంచి ఒంటరిగా దించడం ప్రమాదం, బండి బరువు కేంద్రం కూడా పైకి పోతుంది. వేరే దారి ఉండగా అది ఎంచుకోవద్దు.

## 9. టైరుతో పాటు ఏమేం మారాలి

స్టెప్నీ ఉన్నా ఈ చిన్న వస్తువులు లేక రోడ్డు మీద ఇరుక్కునేవాళ్లే ఎక్కువ.

- జాకీ: బండి ఎత్తు పెరిగింది, కంపెనీ జాకీ అంత పైకి లేవకపోవచ్చు. ఇంట్లోనే ఎత్తి చూడండి. కింద పెట్టడానికి వెడల్పాటి గట్టి చెక్కదిమ్మె ఉంచుకోండి.
- వీల్ పానా: కొత్త రిమ్‌లలో నట్ల గుంతలు సన్నగా, లోతుగా ఉంటాయి. పల్చటి గోడ ఉన్న సాకెట్ కావాలి.
- నట్లు: స్టెప్నీ రిమ్ వేరే రకమైతే దానికి సరిపోయే నట్లు విడిగా ఉంచుకోండి. శంకువు అంచు నట్టు, చదును అంచు నట్టు ఒకదాని బదులు ఒకటి పనికిరావు.
- తాళం నట్టు చెవి: చక్రాలదీ, స్టాండ్‌దీ రెండూ ఒకే సంచిలో.
- కంప్రెసర్, గాలి మీటరు
- పలక: టైరుని బెడ్‌లోకి దొర్లించడానికి మీటరున్నర పొడవు గట్టి చెక్క.

## 10. ఇంటి దగ్గరే ఒకసారి మార్చి చూడండి

బండిని ప్రయాణానికి సిద్ధం చేసినట్టే సామానుతో నింపండి. తర్వాత ఎవరి సాయం లేకుండా మొత్తం పని చేయండి. స్టెప్నీ దించి, వెనక చక్రం తీసి, దీన్ని వేసి, తీసిన చక్రాన్ని స్టెప్నీ చోట బిగించండి. ఈ చివరి భాగం చాలామంది మరిచిపోతారు. చిరిగిన టైరు కూడా ఎక్కడో పెట్టాలి, అదీ గట్టిగా కట్టే పెట్టాలి.

కింద బిగించిన వాళ్లు ఇంకోటి చేసి చూడాలి. వెనక టైరులో గాలి పూర్తిగా పోతే బండి ఆ వైపు కుంగుతుంది. అప్పుడు కింద నుంచి పెద్ద టైరు బయటికి రావడానికి సందు చాలకపోవచ్చు. అలాంటప్పుడు ముందు జాకీతో వెనక భాగం ఎత్తి, ఆ తర్వాత స్టెప్నీ దించి లాగాలి. జాకీ మీద నిలబడ్డ బండి కిందికి దూరకండి, వించి కడ్డీని బయటి నుంచే తిప్పి, టైరుని కొక్కెంతో గానీ బెల్టుతో గానీ లాగండి.

బెడ్‌లోకి ఎక్కించేటప్పుడు ఎత్తకండి, దొర్లించండి. వెనక డోర్ దింపి, పలకను వాలుగా వేసి, టైరుని నిలబెట్టి మోకాలితో తోస్తూ పైకి పంపండి. పలక జారకుండా బెల్టుతో డోర్‌కి కట్టండి. దించేటప్పుడు టైరుకి కింది వైపు మీరు నిలబడవద్దు. పక్కనుంచి పట్టుకోండి.

## 11. మొదటి ప్రయాణం, తర్వాత సంరక్షణ

బిగించాక 5 కిలోమీటర్లు గతుకుల దారిలో తిప్పి, ఆగి అన్నీ తడిమి చూడండి. 50 కిలోమీటర్ల దగ్గర మళ్లీ చూడండి. స్టెప్నీని చక్రంగా వేసుకున్నాక దాని నట్లను 80 నుంచి 100 కిలోమీటర్ల లోపు టార్క్ పానాతో మరోసారి బిగించాలి.

నెలకోసారి:

- గాలి: బండికి అవసరమైన అత్యధిక ఒత్తిడి దాకా ఉంచండి, తగ్గించడం ఎక్కడైనా వీలే
- బెల్టుల రంగు వెలిసిందా, కుట్లు ఊడాయా
- బోల్టుల మీద పెయింట్ గీతలు

ఆరు నెలలకోసారి కింద ఉన్న టైరుని పూర్తిగా దించండి. బురద కడిగి, వించి కేబుల్‌కి, గేరుకి నూనె వేసి, మళ్లీ ఎక్కించండి. ఏళ్ల తరబడి దించని వించి అవసరమైన రోజు తుప్పుతో బిగుసుకుపోతుంది.

టైరు వయసు పక్కన ఉన్న నాలుగు అంకెల్లో తెలుస్తుంది. 2322 అంటే 2022 సంవత్సరం 23వ వారం. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. 5 ఏళ్లు దాటాక ఏటా టైరు మెకానిక్‌కి చూపించండి, 10 ఏళ్లు దాటితే అరుగుదల లేకపోయినా మార్చేయండి. ఐదూ ఒకే రకమైతే స్టెప్నీని కూడా రొటేషన్‌లో తిప్పండి, ఐదూ సమానంగా అరుగుతాయి. బయట ఎండలో ఉండే టైరుకి తొడుగు వేయండి.

## 12. ఏదైనా తేడా వస్తే

కింద టకటక శబ్దం: కేబుల్ బిగువు తగ్గింది, లేదా టైరు ఒక్క చోటే ఆనుతోంది. దించి, రబ్బరు దిమ్మెలు సర్ది మళ్లీ లాగండి.

స్టెప్నీ మీద ఒకచోట మెరుస్తున్న గీత: యాక్సిల్ గానీ షాక్ అబ్జార్బర్ గానీ తగులుతోంది. ఆ టైరు లోపలి పోగులు బయటపడితే మార్చేయాలి. చోటు కూడా మార్చాలి.

స్టాండ్ మూసినా ఊగుతోంది: రబ్బరు దిమ్మె అరిగింది. సర్దుబాటు బోల్టు ఉంటే బయటికి తిప్పండి, లేకపోతే దిమ్మె మార్చండి. కీలులో ఆట ఉంటే బేరింగ్ సంగతి చూడండి.

బెడ్ రేకులో స్టాండ్ చుట్టూ పెయింట్ పగుళ్లు: రేకు వంగుతోంది. టైరుని ఆ రోజే తీసేయండి. కింద పెద్ద పలక వేసి, బలం ఛాసిస్ బోల్టులకి వెళ్లేలా మార్చేవరకు బెడ్‌లో పడుకోబెట్టి రెండు బెల్టులతో కట్టుకుని తిరగండి.

హెడ్‌లైట్లు పైకి కొడుతున్నాయి: వెనక బరువు ఎక్కువైంది. లైట్లు దించి సర్దడం తాత్కాలికం. వెనక కమాన్లకి అదనపు పట్టా వేయించండి, లేదా టైరుని యాక్సిల్ ముందుకి తెచ్చుకోండి.